ఊపిరితిత్తుల గడ్డ ఎవరిని పిలుస్తుంది?

"అల్లుడా, రిపోర్టులో రోగంతో పోరాడే కణాలు చానా చేరుండాయని రాసినారంట. అంటే మంచిదే గదా?"

తిరుపతిలో ఒక ల్యాబ్ బయట బెంచీ మీద కూర్చుని మా అత్త అడిగిన ప్రశ్న ఇది. లోపల మామ ఉన్నాడు. చిత్తూరు దగ్గర పల్లెలో ముప్పై ఏళ్లు బెల్లం వండిన మనిషి. బీడీ అలవాటు కూడా ఉంది. దగ్గు ఎంతకీ తగ్గకపోతే మొదట చూపించిన చోట ఎక్స్‌రేలో మచ్చ చూసి టీబీ అన్నారు. కఫం పరీక్షలో ఏమీ దొరక్కపోయినా మందులు మొదలుపెట్టారు. బయాప్సీ (గడ్డ ముక్క తీసి చేసే పరీక్ష) చేసి ఊపిరితిత్తుల క్యాన్సర్ అని తేలేసరికి మూడు నెలలు గడిచిపోయాయి. ఆ మూడు నెలలు తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు రగిలిపోతుంది.

నేను డిగ్రీ పిల్లలకు జీవశాస్త్రం చెబుతాను. అత్త ప్రశ్నకు జవాబు తెలిసినవాడినే. అయినా ఆ క్షణంలో నోటికి వచ్చింది ఒక్క మాటే: "వచ్చినవాళ్లు ఎవరో తెలిస్తే గానీ చెప్పలేమత్తా." ఆ మాటకు వెనక ఉన్న కథంతా ఇక్కడ రాస్తున్నాను. క్యాన్సర్ ఉన్న ఇళ్లలో "ఒంట్లో ఇమ్యూనిటీ తగ్గింది, అందుకే వచ్చింది, ఇమ్యూనిటీ పెంచే పొడులు వాడండి" అనే సలహా రోజూ వినపడుతుంది. ఆ సలహా ఎంత పక్కదారి పట్టిస్తుందో తెలియాలంటే గడ్డ లోపల ఏం జరుగుతోందో చూడాలి.

గడ్డ అంటే క్యాన్సర్ కణాల ముద్ద అనుకుంటాం. మైక్రోస్కోప్ కింద పెడితే అలా కనిపించదు. కొన్ని ఊపిరితిత్తుల గడ్డల్లో క్యాన్సర్ కణాలకంటే మిగతావే ఎక్కువ ఉంటాయి. రక్తనాళాలు, పీచు అల్లే ఫైబ్రోబ్లాస్టులు, వాటి మధ్య గుంపులు గుంపులుగా తెల్ల రక్తకణాలు. ఈ సంగతిని జర్మనీ డాక్టరు రుడాల్ఫ్ విర్కో 1863లోనే గమనించాడు. గడ్డల్లో తెల్ల కణాలు ఎందుకున్నాయి, వాపు ఉన్నచోటే క్యాన్సర్ పుడుతోందా అని ఆయనకు అనుమానం వచ్చింది. అవి అక్కడికి ఎలా చేరతాయన్నది తేలడానికి మాత్రం ఇంకో వందేళ్లకు పైగా పట్టింది.

బెల్లం వండేచోట నిలబడినవాళ్లకు ఇది సులువుగా అర్థమవుతుంది. చెరకు పాలు మరిగి పాకం దగ్గరపడేకొద్దీ తీపి వాసన కమ్ముకుంటుంది. గంట తిరక్కుండా చీమలు బారు కడతాయి. చీమకు దారి ఎవరూ చెప్పలేదు. ఇటు కాస్త తక్కువ వాసన, అటు కాస్త ఎక్కువ వాసన, ఎక్కువ ఉన్న వైపే నడక. తెల్ల కణం నడక కూడా ఇంతే. దాని ఒళ్లు మిల్లీమీటరులో వందో వంతు ఉంటుంది. ఆ కాస్త ఒంటికి ముందువైపు, వెనకవైపు తగిలే రసాయనంలో ఒకటి రెండు శాతం తేడా ఉన్నా పసిగట్టి అటు పాకుతుంది. ఆ వాసనలాంటి రసాయనాలే కీమోకైన్లు. ఇవి చిన్న చిన్న ప్రోటీన్లు. మన ఒంట్లో నలభైకి పైగా రకాలున్నాయి.

అయితే చీమల పోలిక ఒకచోట ఆగిపోతుంది. బెల్లం వాసనకు దగ్గర్లో ఉన్న చీమలన్నీ వస్తాయి. కీమోకైన్ పిలుపుకు అన్ని కణాలూ రావు. దీనికి తిరుమల మైకు సరిగ్గా సరిపోతుంది. కొండ మీద ఒకే ప్రకటనను తెలుగులో, తమిళంలో, కన్నడంలో, హిందీలో చెబుతారు. తమిళంలో చెప్పేటప్పుడు తమిళనాడు నుంచి వచ్చినవాళ్లు తలెత్తి వింటారు, పక్కనున్న మహారాష్ట్ర కుటుంబం తన మాటల్లో తను ఉంటుంది. శబ్దం అందరి చెవినా పడుతుంది, భాష తెలిసినవాళ్లకే అందులో కబురుంటుంది. తెల్ల కణం ఒంటి మీద ఉండి కీమోకైన్‌ను పట్టుకునే రిసెప్టరే దానికి తెలిసిన భాష. ఒక్కో జాతి కణానికి ఒకటో రెండో మూడో భాషలు వస్తాయి. కాబట్టి గడ్డ మైకులో ఏ భాష మాట్లాడితే ఆ జాతి కణాలు చేరతాయి.

పిలుపు గడ్డలో పుట్టినా, వినాల్సిన కణాలు రక్తంలో కొట్టుకుపోతూ ఉంటాయి. ఆ ప్రవాహంలో కీమోకైన్ వదిలితే అదీ కొట్టుకుపోతుంది. అందుకే అది గడ్డ దగ్గరి రక్తనాళం లోపలి గోడకు, అక్కడి చక్కెర గొలుసులకు అతుక్కుని కూర్చుంటుంది. అటుగా దొర్లుతూ పోయే కణం అలిపిరి చెక్‌పోస్టు దగ్గర బండి నెమ్మదించినట్టు నెమ్మదిస్తుంది. తన భాష వినపడిందా, గోడను గట్టిగా పట్టుకుంటుంది, ఒళ్లు పలచగా సాగదీసి రెండు గోడ కణాల సందులోంచి అవతలికి జారుతుంది. వినపడకపోతే మళ్లీ ప్రవాహంలో పడి వెళ్లిపోతుంది.

ఇక గడ్డ ఎవరిని పిలుస్తుందో చూద్దాం.

1983లో ఇటలీలోని మిలాన్ పరిశోధకులు గడ్డ కణాలను గాజు పాత్రల్లో పెంచి, అవి వదిలిన ద్రవాన్ని పరీక్షించారు. ఆ ద్రవం వైపు మోనోసైట్లు అనే తెల్ల కణాలు పాకుతూ వెళ్లాయి. గడ్డ తనంతట తానే కబురు పంపుతోందని అప్పుడు తెలిసింది. తర్వాత ఆ కబురుకు సీసీఎల్2 అని పేరు స్థిరపడింది. ఊపిరితిత్తుల క్యాన్సర్ మాట్లాడే భాషల్లో ఇది ముఖ్యమైనది. టీబీలో క్రిమి చుట్టూ కణాలు ముడుచుకుని గడ్డకట్టడానికి కూడా ఇలాంటి పిలుపులే కారణం. ఎక్స్‌రేలో రెండూ తెల్లటి మచ్చగానే కనిపించి డాక్టర్లను సైతం తికమకపెడతాయి.

సీసీఎల్2 పిలుపుకు వచ్చిన మోనోసైట్ గడ్డలోకి దిగాక మాక్రోఫేజ్‌గా మారుతుంది. మాక్రోఫేజ్ మామూలుగా మంచి పనివాడు. క్రిములను, చచ్చిన కణాలను మింగుతుంది, పుండు పడితే మాన్పుతుంది. ఈ రెండో పని దగ్గరే గడ్డ దాన్ని పట్టుకుంటుంది. పుండు మానాలంటే కొత్త రక్తనాళాలు కావాలి, కణాలు పెరగాలి, వాపు తగ్గాలి, దాడి చేసే కణాలు వెనక్కి తగ్గాలి. గడ్డకు కావలసినవీ అవే. అక్కడి రసాయనాలు మాక్రోఫేజ్‌కు "ఇక్కడ మానని పుండు ఉంది" అన్న భ్రమ కలిగిస్తాయి. అది శ్రద్ధగా తన పని తాను చేసుకుపోతుంది, గడ్డకు నెత్తురు దారులు వేస్తుంది.

తిరుపతి గంగజాతరలో పెరిగినవాళ్లకు వేషాలంటే ఏమిటో చెప్పక్కర్లేదు. దాక్కున్న పాలెగాడిని బయటికి రప్పించడానికి అమ్మవారు రోజుకో వేషం కట్టింది, దొర వేషం నాడు వాడు బయటపడ్డాడు. గడ్డలో కథ తిరగబడింది. అక్కడ పాలెగాడే తనను పట్టుకోవడానికి వచ్చినవాళ్లకు వేషం మార్చేస్తున్నాడు.

రెండో గుంపు న్యూట్రోఫిల్స్. మన ఎముక మూలుగ రోజుకు సుమారు పదివేల కోట్ల న్యూట్రోఫిల్స్‌ను తయారుచేస్తుంది. నిమ్ము చేసినప్పుడు, చీము పట్టినప్పుడు ముందు పరుగెత్తేవి ఇవే. వీటికి వచ్చిన భాషల్లో 1987లో గుర్తించిన ఐఎల్-8 ముఖ్యమైనది. ఆ కుటుంబానికే చెందిన సీఎక్స్‌సీఎల్1, సీఎక్స్‌సీఎల్5 కూడా వీటినే పిలుస్తాయి. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో న్యూట్రోఫిల్స్ చాలా ఎక్కువగా కనిపిస్తాయి. అవి ఎక్కువగా ఉన్న గడ్డల్లో టి కణాలు (రక్షణ దళంలోని ఇంకో జాతి తెల్ల కణాలు) తక్కువగా ఉండడం పరిశోధకులు పదేపదే చూశారు. 2017లో ఎలుకల మీద చేసిన ఒక పరిశోధన నన్ను చాలా రోజులు వెంటాడింది. ఊపిరితిత్తిలో ఉన్న గడ్డ ఎక్కడో దూరాన ఉన్న ఎముకల్లోని కణాలను మేల్కొలిపి, తనకు అనువైన న్యూట్రోఫిల్స్‌ను అక్కడినుంచి తెప్పించుకుంటోందని అందులో తేలింది. గడ్డ సెంటీమీటర్లలో ఉంటుంది, దాని మాట ఒళ్లంతా చెల్లుతోంది.

మూడో గుంపు గురించి ఈమధ్యే లోకమంతా మాట్లాడుకుంది. టి కణాల్లో రెగ్యులేటరీ టి కణాలని ఒక రకం ఉంది. మన రక్షణ దళం మన ఒంటినే కొట్టకుండా ఆపే కాపలాదారులవి. వాటి గుట్టు విప్పినందుకే జపాన్‌కు చెందిన షిమోన్ సకగుచి, అమెరికాకు చెందిన మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్‌లకు 2025లో నోబెల్ ఇచ్చారు. కీళ్లవాతం వంటి జబ్బులు రాకుండా ఆపే ఈ మేలైన కణాలను గడ్డ సీసీఎల్17, సీసీఎల్22 అనే పిలుపులతో రప్పించుకుంటుంది. ఆ పిలుపుల్లో చాలా భాగం స్వయంగా పలికేది ఇంతకుముందే వేషం మార్చుకున్న మాక్రోఫేజ్ లాంటి కణాలే. అంటే మొదట వచ్చినవాడు తర్వాతివాడిని పిలుస్తున్నాడు.

మరి గడ్డను నిజంగా చంపగల కణాలు? అవి కిల్లర్ టి కణాలు, నేచురల్ కిల్లర్ కణాలు. వాటి భాషలు సీఎక్స్‌సీఎల్9, సీఎక్స్‌సీఎల్10. ఈ పిలుపులు పుట్టాలంటే ఇంటర్ఫెరాన్ అనే అలారం మోగాలి. కొన్ని గడ్డల్లో అది మోగుతుంది, టి కణాలు లోపలికంటా వస్తాయి. ఇంకొన్నిటిలో సీఎక్స్‌సీఎల్13 అనే పిలుపుతో యాంటీబాడీలు తయారుచేసే బి కణాలు కూడా చేరి, గడ్డ పక్కనే చిన్న శోషరస గ్రంథి లాంటి శిబిరం కట్టుకుంటాయి. అలాంటి శిబిరాలున్న రోగులు ఎక్కువకాలం బతుకుతున్నారని 2008లో పారిస్ పరిశోధకులు ఊపిరితిత్తుల క్యాన్సర్‌లోనే చూపించారు. అంటే అత్త మాటలో నిజం కూడా ఉంది. రిపోర్టులోని ఆ ఒక్క వాక్యానికి చాలా మంచి అర్థమూ ఉండొచ్చు, చాలా చెడ్డ అర్థమూ ఉండొచ్చు.

ఈ మంచి పిలుపును గడ్డ నొక్కేసే తీరులు చూస్తే భయమూ వేస్తుంది, ఆశ్చర్యమూ కలుగుతుంది. ఎల్‌కేబీ1 అనే జన్యువు పాడైన ఊపిరితిత్తుల గడ్డల్లో స్టింగ్ అనే అలారమే మూగబోతుంది, దాంతో సీఎక్స్‌సీఎల్10 పుట్టదు. అలాంటి గడ్డల్లో న్యూట్రోఫిల్స్ పెరిగి టి కణాలు తగ్గుతాయి. మన రక్షణ కణాలనే గడ్డ మీదికి ఉసిగొల్పే ఇమ్యూనోథెరపీ కూడా వీటి మీద సరిగా పనిచేయదు. 2011లో బయటపడిన ఇంకో తీరు ఉంది. సీసీఎల్2 పిలుపు నిజానికి కొన్ని టి కణాలకూ అర్థమవుతుంది. గడ్డలో పుట్టే ఘాటైన నైట్రోజన్ రసాయనాలు ఆ ప్రోటీన్‌ను కాస్త మార్చేస్తాయి. మారిన పిలుపు మోనోసైట్లకు ఎప్పటిలాగే వినపడుతుంది, టి కణాలకు మాత్రం అర్థం కాదు. మైకులో అదే ప్రకటనను యాస మార్చి చదివితే సగం మందికి అర్థం కాకుండా పోయినట్టు.

చుట్టూ పీచు అల్లే ఫైబ్రోబ్లాస్టులు కూడా ఊరుకోవు. అవి వదిలే సీఎక్స్‌సీఎల్12, పీచు అల్లిక కలిసి టి కణాలను గడ్డ అంచులోనే నిలబెట్టేస్తాయి. లోపలికి పోనివ్వవు. మైక్రోస్కోప్ కింద చూస్తే ఊరి పొలిమేరలో ఆగిపోయిన జనంలా ఉంటుంది.

ఈ సంగతులన్నీ వైద్యంలో ఎక్కడ తగులుతాయి? ముందు ఇమ్యూనోథెరపీలో. టి కణాలకు పీడీ-1 అనే బ్రేకు ఉంటుంది. గడ్డ తన ఒంటి మీద పీడీ-ఎల్1 పెట్టుకుని ఆ బ్రేకు నొక్కుతుంది. బ్రేకు వదిలించే మందుల దారి చూపినందుకు 2018లో జేమ్స్ ఆలిసన్‌కు, తసుకు హోంజోకు నోబెల్ వచ్చింది. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు ఇవి 2015 నుంచి వాడకంలోకి వచ్చాయి. పీడీ-ఎల్1 సగానికి పైగా కణాల్లో ఉన్నవారి మీద చేసిన ఒక పెద్ద పరీక్షలో, బ్రేకు వదిలించే పెంబ్రోలిజుమాబ్ అనే మందు తీసుకున్నవారిలో అయిదేళ్ల తర్వాత దాదాపు 32 శాతం మంది బతికున్నారు, కీమో మాత్రమే మొదలుపెట్టినవారిలో 16 శాతం. ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఒకప్పుడు ఊహించలేని సంఖ్య అది. కానీ మిగతా 68 శాతం సంగతేమిటన్న ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి మళ్లీ పిలుపుల దగ్గరికే రావాలి. బ్రేకు వదలాలంటే బండి అక్కడుండాలి. టి కణాలే రాని గడ్డలో బ్రేకు వదిలితే ఏం కదులుతుంది? ఈజీఎఫ్ఆర్ జన్యువులో మార్పు ఉన్న గడ్డలు చాలావరకు ఇలాంటివే. మన దేశంలో, ముఖ్యంగా పొగ తాగని ఆడవాళ్లలో ఈ రకం ఎక్కువ కనిపిస్తుంది. వారికి ఇమ్యూనోథెరపీ కంటే ఆ జన్యువును గురిపెట్టే మాత్రలే ముందు వాడతారు. అందుకే బయాప్సీ ముక్కను జన్యు పరీక్షకు కూడా పంపారా అని అడగడం రోగి కుటుంబం చేయాల్సిన పని. టెన్షన్‌లో చాలామంది ఇది మరిచిపోతారు.

అయితే చెడ్డ పిలుపును మందుతో నొక్కేస్తే సరిపోదా అని ఎవరికైనా తోస్తుంది. నాకూ తోచింది. 2014లో ఎలుకల మీద సీసీఎల్2ను అడ్డుకునే మందు వాడి చూశారు. అవి రొమ్ము క్యాన్సర్ ఉన్న ఎలుకలు. మందు ఇస్తున్నంతకాలం మోనోసైట్లు మూలుగలోనే ఆగిపోయాయి. మందు ఆపగానే కట్ట తెగినట్టు ఒక్కసారిగా బయటపడ్డాయి, క్యాన్సర్ పాకడం ఇంకా వేగమైంది. పైగా ఒక పిలుపును నొక్కితే గడ్డ ఇంకో భాష అందుకుంటుంది. ఈ పిలుపులు ఒంటికి కూడా రోజూ అవసరమైనవే, కాబట్టి విచ్చలవిడిగా నొక్కలేం.

ఈ దారిలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించేది 2017 నాటి ఒక ఫలితం. గుండెపోటు వచ్చి తగ్గిన 10,061 మందికి కానకినుమాబ్ అనే మందును గుండె కోసమే పరీక్షించారు. అది ఐఎల్-1 బీటా అనే వాపు రసాయనాన్ని ఆపుతుంది. పైన చెప్పిన పిలుపుల్లో చాలావాటిని రేపేది ఈ రసాయనమే. ఆ పరీక్షలో ఎక్కువ డోసు తీసుకున్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ బయటపడడం 67 శాతం తగ్గింది. ఎంతో ఆశతో అదే మందును క్యాన్సర్ ఉన్న రోగులకు ఇచ్చి చూస్తే మాత్రం ఫలితం రాలేదు. ఆ రెండిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తోచేది ఇది: వాపు రసాయనం పాత్ర గడ్డ ఎదిగాక కంటే ఎదగకముందే ఎక్కువ.

2023లో లండన్‌లో చార్లెస్ స్వాంటన్ బృందం ప్రచురించిన పరిశోధన దీనికి బలమిచ్చింది. క్యాన్సర్ లేని ఊపిరితిత్తుల ముక్కల్ని పరీక్షిస్తే 18 శాతం ముక్కల్లో ఈజీఎఫ్ఆర్ మార్పు, 53 శాతంలో కేరాస్ అనే ఇంకో జన్యువులో మార్పు అప్పటికే ఉన్నాయి. అంటే విత్తనం చాలామందిలో నిద్రపోతూ ఉంటుంది. గాలిలోని సన్నటి ధూళి లోపలికి వెళ్లినప్పుడు మాక్రోఫేజ్‌లు అక్కడికి చేరి ఐఎల్-1 బీటా వదులుతాయి. ఎలుకల్లో ఆ రసాయనం నిద్రపోతున్న మార్పు కణాలను లేపి గడ్డగా పెంచింది, దాన్ని అడ్డుకుంటే గడ్డలు తగ్గాయి.

ఇది చదివిన రోజు నాకు గుర్తుకొచ్చింది మామ బెల్లం పొయ్యి. చెరకు పిప్పి ఎగదోస్తూ, కళ్లు మండుతున్నా కదలకుండా పొగలో కూర్చునే మనిషి. బీడీ వల్లా, పొగ వల్లా, రెండూ కలిసా అన్నది ఒక్క మనిషి విషయంలో ఎవరూ తేల్చి చెప్పలేరు. కానీ పొగకు ఊపిరితిత్తుల్లో ఏ కణాలు చేరతాయో, చేరి ఏం వదులుతాయో ఇప్పుడు తెలుసు. పొయ్యి దగ్గర పొగగొట్టం ఎత్తుగా కట్టించండి, పిప్పి బాగా ఎండాకే వేయండి అని ఊళ్లో కుర్రాళ్లతో చెబుతున్నాను. ఇద్దరు కట్టించారు.

ఇమ్యూనిటీ పొడుల సంగతి. కణాల సంఖ్య పెంచుతామని చెప్పే ఏ పొడీ గడ్డ మాట్లాడే భాషను మార్చలేదు. పైగా ఇమ్యూనోథెరపీ నడుస్తున్నప్పుడు డాక్టరుకు చెప్పకుండా ఏదైనా వాడితే కాలేయం దెబ్బతిన్నప్పుడు అది మందు వల్లా, పొడి వల్లా అని తేల్చుకోవడం కష్టమవుతుంది. అత్త సంచిలో అలాంటి డబ్బాలు రెండు దొరికాయి. ఆమె మీద నాకు కోపం రాలేదు. మామకు ఏదో ఒకటి తన చేత్తో చేయాలన్న ఆరాటం అది.

వారం తర్వాత రెండో రిపోర్టు వచ్చింది. ఈజీఎఫ్ఆర్ మార్పు లేదు. పీడీ-ఎల్1 30 శాతం. కింద చిన్న అక్షరాల్లో ఇంకో వాక్యం ఉంది: లింఫోసైట్లు ఎక్కువగా గడ్డ అంచుల్లో ఉన్నాయి. లింఫోసైట్లంటే టి కణాలు, బి కణాల జాతి. నేను బిల్లు వెనక పెన్నుతో ఒక గుండ్రం గీసి, చుట్టూ చుక్కలు పెట్టి చూపించాను. మంచివాళ్లు వచ్చినారత్తా, పొలిమేరలో ఆగిపోయినారు అన్నాను. ఆమె ఆ చుక్కల మీద వేలు పెట్టి, "మరి లోపలికి పోయే దావ లేదా?" అంది.

దారి కొంత ఉంది. కీమో మందు క్యాన్సర్ కణాలను చంపేటప్పుడు వాటి ముక్కలు బయటపడతాయి, కొన్ని సందర్భాల్లో ఆ ముక్కలే అలారం మోగించి టి కణాలను పిలిచే రసాయనాలను పుట్టిస్తాయి. అందుకే కీమో, ఇమ్యూనోథెరపీ రెండూ కలిపి ఇచ్చే పద్ధతి 2018 నుంచి ఇలాంటి రోగులకు మొదటి వైద్యంగా స్థిరపడింది. మామకూ అదే రాశారు. మొదటి డోసు అయింది. రెండోది వచ్చే మంగళవారం.